మేడ తెలియని చుక్కలు

"నేను కొట్టలేదండీ. కొట్టాలనిపించింది, అది వేరే సంగతి."

ఆ మాట అనేసి డాన్సు మాస్టారు తలవంచుకున్నాడు. మూడు రోజులుగా లాకప్‌లో ఉన్నాడు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి, వెన్ను మాత్రం ఇంకా నిటారుగానే ఉంది.

ఎదురుగా కూర్చున్నావిడ డిటెక్టివ్ విభాగంలో ఇన్‌స్పెక్టర్. అసలు పేరు కంటే "నిదానం" అన్న పేరే స్టేషన్లో ఎక్కువ చెలామణీ అవుతుంది, ఆవిడ చెవిన పడకుండా. కేసు ఆవిడది కాదు. "జెట్" అని అందరూ పిలుచుకునే ఇంకో ఇన్‌స్పెక్టర్‌ది. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు ఆవిడ కుర్చీకే పోటీ. నేరం జరిగిన మర్నాడే నిందితుణ్ణి పట్టుకొచ్చి పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. కానీ పై ఆఫీసరుకి ఒక ముక్క మింగుడుపడలేదు. ఫైలు తెచ్చి, ఒక్కసారి చూసి పెట్టమని నిదానం బల్ల మీద పెట్టాడు.

ఊళ్ళో జ్వరం పాకుతోంది. జనం గుమిగూడకూడదని ఆంక్షలు పెట్టారు. యూనివర్సిటీలో ఒక పరిశోధకురాలు జనం చేతుల్లో ఫోన్లు ఎటు తిరుగుతున్నాయో చూసి, ఆ జ్వరం దారి పట్టుకునే పనిలో ఉంది. ఏ ఫోను ఎవరిదో ఆమెకు తెలియదు. ఒక్కో ఫోను ఒక్కో చుక్క. ఏ చుక్కలు ఎక్కడ కలిశాయి, ఎంతసేపు కలిసి ఉన్నాయి, ఆ తర్వాత ఏ పేటల్లో జ్వరాలు లేచాయి, ఇవన్నీ కలిపి లెక్కకడితే నిప్పు ఎక్కడ రాజుకుందో మ్యాప్ మీద ఎర్రగా వెలుగుతుంది.

అలా అన్నిటికంటే ఎర్రగా వెలిగింది డాన్సు మాస్టారి హాలు. ఒక మంగళవారం సాయంత్రం ముప్ఫై చుక్కలు రెండు గంటలపాటు అక్కడే ఉన్నాయి. ఆ ముప్ఫై చుక్కల వెంటే జ్వరం పేటలన్నీ చుట్టింది. పదకొండు మంది పోయారు. మ్యాప్ ఎలాగో బయటికి పొక్కింది. మాస్టారింటి మీద రాళ్ళు పడ్డాయి. ఆ వెంటనే వచ్చిన శుక్రవారం సాయంత్రం, పరిశోధకురాలు తన గదిలోనే తల పగిలి పడిపోయింది. ఇంకా స్పృహ రాలేదు.

"శుక్రవారం సాయంత్రం ఎక్కడున్నారు?" అడిగింది నిదానం.

"ఇంట్లోనే. పగిలిన కిటికీలకి అట్టముక్కలు కొడుతున్నాను."

"చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"రాళ్ళేసినవాళ్ళు చూసే ఉంటారు. సాక్ష్యం చెప్తారేమో మీరే అడగండి."

"మీ ఫోను?"

"మొదటి రాయి దానికే తగిలింది."

నిదానం నవ్వబోయి ఆగింది. "కొట్టాక అంబులెన్సుకి ఎందుకు ఫోన్ చేశారు?"

మాస్టారు తలెత్తాడు. "ఏ అంబులెన్సు?"

ఆఫీసరుకి మింగుడుపడని ముక్క అదే. పరిశోధకురాలి గదిలో ఉన్న ఫోను నుంచే ఎవరో మగమనిషి అంబులెన్సుని పిలిచాడు. పేరు చెప్పలేదు. చంపాలని వచ్చినవాడు ప్రాణం నిలపడానికి మనుషుల్ని పిలవడమేమిటి? మాస్టారి ముఖంలో కంగారు లేదు. అర్థంకాని చూపు తప్ప ఏమీ లేదు. ఆ చూపు తన ముఖంలోనూ ఉండి ఉంటుందని నిదానానికి అనిపించింది.

"సరే, ఆ మంగళవారం సంగతి చెప్పండి. ఆంక్షలున్నప్పుడు ముప్ఫై మందికి డాన్సెందుకు నేర్పారు?"

"ముప్ఫై మందా! చీమ కూడా రాలేదండీ. ఎలాగూ హాలు మూసేశారు కదా అని నేలకి వార్నిష్ వేసుకున్నాను. మంగళవారం మధ్యాహ్నం రెండో పూత వేశాను. ఆ వాసనకి తలనొప్పొచ్చి, తాళమేసుకుని ఇంటికి పోయాను. పచ్చి వార్నిష్ మీద ఎవరైనా డాన్సు చేస్తే అక్కడే అతుక్కుపోతారు."

"ఇది మా ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పారా?"

"నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ నవ్వారు."

*

రంగుల షాపతను మాస్టారి మాట నిజమేనన్నాడు. రెండో డబ్బా మంగళవారమే పంపానన్నాడు. అంతమాత్రాన మాస్టారు అబద్ధం చెప్పడం లేదని తేలదు. డబ్బా కొన్నంత మాత్రాన వార్నిష్ వేసినట్టు కాదు.

నిదానం హాలు తలుపు తీసింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, వంగి, నేలకి కన్ను ఆనించినంత పని చేసింది. చెక్క నేల అద్దంలా మెరుస్తోంది. ఒక్క అడుగుజాడ లేదు, ఒక్క గీత లేదు. ముప్ఫై మంది రెండు గంటలు తిరిగిన నేల కాదది.

అలా వంగి చూస్తుంటేనే మెరుపు మధ్యలో తెల్లటి మచ్చలు కనిపించాయి. దగ్గరికి వెళ్ళి వేలితో తడిమింది. సున్నం పెచ్చులు. గోటితో గీకితే ఊడలేదు. ఆరిన నేల మీద పడ్డవైతే ఊదితే పోవాలి. ఇవి వార్నిష్‌లో కూరుకుపోయాయి. అంటే నేల పచ్చిగా ఉన్న ఆ మంగళవారం సాయంత్రమే రాలాయి. అక్కడొకటి ఇక్కడొకటి కాదు, అర్ధచంద్రం గీసినట్టు ఒక వరసలో ఉన్నాయి.

తలెత్తి చూసింది. పైకప్పు మీద కూడా సరిగ్గా అదే వంపులో సున్నం పెళ్ళలు లేచి ఉన్నాయి.

"మేడమీద ఏముంది?" అని బయట నిలబడ్డ డ్రైవర్ని అడిగింది.

"ట్యూషన్ సెంటరండీ. ఆంక్షలు పెట్టిన రోజే మనవాళ్ళు మూసేశారు."

పక్కనున్న మెట్లెక్కి వెళ్ళింది. తలుపుకి తాళం, తాళం మీద పోలీసు శాఖ కాగితం ముద్ర. ముద్ర చిరగలేదు. కానీ కాగితం అంచున జిగురు రెండు రంగుల్లో కనిపించింది, కిందది పసుపు, పైది తెలుపు. జాగ్రత్తగా ఊడదీసి మళ్ళీ అంటించారు. ముద్ర కింద జెట్ సంతకం.

తాళం పగలగొట్టించింది. లోపల చీకటి. కిటికీలన్నిటికీ బొంతలు మేకులు కొట్టి బిగించారు. టార్చి వెలుగులో కుర్చీలు కనిపించాయి, అర్ధచంద్రంలా. వాటికెదురుగా ఒక్క కుర్చీ, మెత్త దిండుతో. నేల మీద గొంతు బిళ్ళల కాగితాలు. మూలన గోరువెచ్చటి నీళ్ళకి కాబోలు రెండు పెద్ద ఫ్లాస్కులు. కుర్చీల ముందు సిమెంటు నేల మీద దుమ్ము చెదిరి ఉంది, మడమలు ఒకే చోట పదేపదే కొట్టినట్టు.

డాన్సు కాదు, పాట. ఇంతమంది గాలి ఆడని గదిలో కూర్చుని, కాలితో తాళం వేస్తూ, గొంతెత్తి రెండు గంటలు పాడారు. ఒక్కరికి జ్వరమున్నా చాలు, అందరూ పీల్చుకుని ఇళ్ళకి మోసుకుపోయి ఉంటారు.

నిదానం దిండున్న కుర్చీలో కూలబడింది. ఒక ముడి విడితే మరో ముడి పడింది. పోలీసులు మూసిన గది తాళంచెవి పాటగాళ్ళ చేతికి ఎలా వచ్చింది? పైన పాడితే మ్యాప్ కింది హాలుని ఎందుకు చూపించింది?

*

"చుక్కకి మేడ తెలుసా?" అని అడిగింది నిదానం.

పరిశోధకురాలికి గైడుగా ఉన్న ప్రొఫెసర్ కళ్ళజోడు తీసేశాడు. దాడి జరిగిన గదిలోనే కూర్చున్నారు ఇద్దరూ. బల్ల మూలన రక్తం తుడిచిన మరక ఇంకా పూర్తిగా పోలేదు.

"ఏమన్నారు?"

"మీ మ్యాప్ మీద చుక్క ఒక ఇంటి మీద కనిపిస్తుంది. ఆ ఇంట్లో కిందుందో, పైనుందో చెప్తుందా?"

ఆయన కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు. "చెప్పదు. పైనుంచి చూసినట్టే ఉంటుంది మాకు. ఒకరి మీద ఒకరు ఉన్నా ఒకచోటే ఉన్నట్టు లెక్క." గొంతు సవరించుకున్నాడు. "శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి కూడా సరిగ్గా ఇదే అడిగింది. తప్పు చేశామేమో, మాస్టారి దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పాలేమో అంది. మరీ అంత తవ్వక్కర్లేదులే అన్నాను. సాయంత్రానికి ఇలా జరిగింది."

"మంగళవారం అక్కడున్న ముప్ఫై చుక్కల్లో ఏదైనా శుక్రవారం ఈ గదికి వచ్చిందా?"

ప్రొఫెసర్ కంప్యూటర్ వైపు తిరిగాడు. మీటలు నొక్కాడు, ఆగాడు, మళ్ళీ నొక్కాడు.

"ఒకటి వచ్చింది. ఆరున్నర ప్రాంతంలో. పది నిమిషాలు కూడా లేదు, వెళ్ళిపోయింది. ఆ వేళప్పుడు ఈ గదిలో ఆ అమ్మాయి ఫోను, ఈ చుక్క తప్ప ఇంకోటి లేదు."

నిదానం ముందుకి వంగింది. "అది రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుంది?"

"అది మాత్రం అడక్కండి. చుక్క నిద్రపోయే చోటంటే మనిషి ఇల్లే. ఎవరి ఇల్లూ చూడబోమని మాటిచ్చాకే మాకు ఈ వివరాలిచ్చారు."

"చూపించండి సార్. కోర్టు ఆర్డరు నా దగ్గరుంది."

గుమ్మంలో జెట్. తలుపుకి జారబడి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూసుకోలేదు.

"నా కేసులో తాళాలు పగలగొడుతున్నారట," అన్నాడు.

"నీ ముద్రని నీకంటే ముందు ఎవరో ఊడదీశారు," అంది నిదానం. "అది ముందు చెప్పు."

"ఆ వారం అరవై గదులకి ముద్రలేశాను. ఒక్కో గది ముందు కుర్చీ వేసుకుని కూర్చోమంటారా?"

"వాళ్ళు తాళం పగలగొట్టలేదు. చెవితో తీశారు. ఆ చెవులన్నీ నీ బీరువాలో ఉంటాయి."

"నా బీరువా స్టేషన్లో ఉంటుంది. స్టేషన్లో మీరు కూడా ఉంటారు."

"మాస్టారు నిర్దోషి. ఆ సంగతి నీకు తెలుసు."

"తెలుసు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు. జెట్ జేబులోంచి కాగితం తీసి ప్రొఫెసర్ ముందు పెట్టాడు. ఆయన ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఇష్టం లేకుండానే మ్యాప్‌ని పెద్దది చేశాడు. పేట, వీధి, వీధి మలుపు. మలుపులో ఒక్క ఇల్లు. చుట్టూ ఖాళీ స్థలం, ముందు మామిడి చెట్టు.

నిదానం ఆ ఇంటి గేటుకి రంగు తానే వేయించింది.

"శనివారం పొద్దున్నే ఆ అమ్మాయి కంప్యూటర్లో చూశాను," జెట్ గొంతు తగ్గించాడు. "మీరు కాదని తెలుసు, మీరు శుక్రవారం సాయంత్రం నాతో మీటింగులో... సరే, మీటింగు అయ్యాక ఎక్కడికెళ్ళారో నాకు తెలీదనుకోండి, కానీ మీరు పాడరు కదా. ఆ ఇంట్లో ఇంకో ఫోను బావగారిదొక్కటే. ఏం చెయ్యమంటారు? పేపరు వాళ్ళు గేటు దగ్గర కాచుకున్నారు. ఎవర్నో ఒకర్ని చూపించకపోతే ఆ మ్యాప్ వాళ్ళే తవ్వేవాళ్ళు. నాలుగు రోజులాగి, సాక్ష్యం చాల్లేదని మాస్టార్ని వదిలేద్దామనుకున్నాను. మీ ఇల్లు నిలబెడదామనే చేశాను అక్కా."

పదేళ్ళయింది అతను ఆ పిలుపు పిలిచి.

"ఆయన ఎవర్నీ కొట్టరు," అంది నిదానం. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. చెప్పు కింద పురుగు పడితే పక్కకి తప్పుకునే మనిషి. పాడతాడని కూడా తనకి తెలియదే! రోజూ సాయంత్రం నడకకి వెళ్ళొస్తున్నానంటే నమ్మింది. అది తెలియనిదానికి ఇంకేం తెలుసు? మొగుడి గురించి ఖచ్చితంగా చెప్పగలిగింది ఒక్కటీ తోచలేదు.

జెట్ ఫోను మోగింది. విని పెట్టేశాడు.

"ఆస్పత్రి నుంచి. ఆ అమ్మాయి కళ్ళు తెరిచిందట." ఆవిడ దగ్గరికి వచ్చాడు. "మీరు ఇంటికెళ్ళి బావగారితో మాట్లాడండి. నేను అక్కడికి వెళ్తాను. ఆమె ఏం చెప్పినా ముందు మీ చెవినే వేస్తాను."

నిదానానికి ఆలోచన ముందుకు కదల్లేదు.

"వెళ్ళు," అంది.

*

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన నిదానం భర్త ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. చేతిలో పేపరుంది, చదవడం లేదు. భార్య గుమ్మంలో ఆగిన తీరు చూసి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తెలిసిపోయిందా?" అన్నాడు.

"పాడతారా మీరు?"

"గొప్పగా ఏం పాడను. నలుగురితో కలిసి పాడితే తప్పులు వినిపించవు." మడిచిన పేపరు వైపు చూశాడు. "నువ్వు ఇంటికొచ్చేసరికి నేను పడుకుంటాను. నేను లేచేసరికి నువ్వు వెళ్ళిపోతావు. ఆంక్షలు పెట్టాక ఇంట్లో రోజుల తరబడి నా గొంతు నాకే వినపడ్డం మానేసింది. నిన్ను అనడం లేదు. ఉన్న మాట చెప్తున్నాను."

ఆవిడ ఎదురుగా కూర్చుంది. కూర్చోవడానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది.

"ఆ అమ్మాయి గదికి ఎందుకెళ్ళారు?"

"నిజం చెప్పడానికి. మాస్టారింటి మీద రాళ్ళేస్తుంటే వీధి చివర నిలబడి చూశాను. ఇంక ఊరుకోలేకపోయాను. మంగళవారం డాన్సు కాదమ్మా, పైన మేం పాడుకున్నాం అని చెప్దామని వెళ్ళాను." ఆయన పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నేను వెళ్ళేసరికే పడిపోయి ఉంది. నెత్తురు."

"తర్వాత?"

"తర్వాతేముంది, మీవాడు ఉన్నాడుగా అక్కడ. నువ్వేం కంగారుపడకు, వాడే అంతా చూసుకున్నాడు."

"ఎవరు?"

"మీ జెట్టే. జారిపడి బల్ల మూల తగిలింది బావగారూ, మీరిక్కడ కనబడితే అక్క ఉద్యోగం పోతుంది, ఇంటికెళ్ళిపోండి అన్నాడు. అంబులెన్సుకి నా ఎదురుగానే ఫోన్ చేశాడు. తీరా మర్నాడు పేపర్లో మాస్టారి ఫొటో చూసి నాకు మతిపోయింది. జారిపడితే మాస్టార్ని పట్టుకోవడమేమిటి? అడుగుదామని వాడికి రోజూ ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు."

జెట్ చుక్క ఆ గదిలో లేదు. ఫోను స్టేషన్లో వదిలి వెళ్ళాడన్నమాట. ఫోన్లు వెతికే గదిలోకి ఫోను లేకుండా వెళ్ళాడంటే, ఏదో అనుకునే వెళ్ళాడు.

"మీరు అక్కడికి వెళ్తున్నట్టు వాడికెలా తెలుసు?"

"వాళ్ళమ్మగారితో చెప్పాను. ఆవిడకి చెప్పకుండా ఎలా వెళ్తాను? మాకు పాట నేర్పేది ఆవిడే కదా."

నిదానం కుర్చీ అంచుకి జరిగింది.

"గది తాళం ఇచ్చింది కూడా వాడే," ఆయన చెప్పుకుపోతున్నాడు. "అమ్మ ఒంటరిగా కూర్చుని తిండి మానేసింది బావగారూ, కాసేపు పాడుకుంటే మనిషి లేస్తుంది, అక్కకి మాత్రం తెలియనివ్వకండి అన్నాడు. మంగళవారం మొట్టమొదట దగ్గింది ఆవిడే. ఇవాళ్టికి చాలించమని బతిమాలాం. ఈ ఒక్క పాట, ఈ ఒక్క పాట అంటూ రెండు గంటలు పాడించింది. ఆవిడకి తగ్గింది. నా పక్క కుర్చీల్లో కూర్చున్న ముగ్గురూ పోయారు. ఈ సంగతంతా ఆ అమ్మాయితో చెప్పేస్తానంటే పెద్దావిడ ఏడ్చింది. చెప్పండి నాయనా, చెప్పాల్సిందే అంది. కొడుకుతో కూడా అదే చెప్పి ఉంటుంది."

తల్లి పేరు పేపర్లకెక్కకుండా చూసుకోవాలని వెళ్ళాడు. మాటామాటా పెరిగిందో, తోశాడో, కొట్టాడో. అంబులెన్సుని పిలిచిన చేతులే అవి. అయినా ఆ గదిలో ఏం జరిగిందో చెప్పగలిగే మనిషి ఇప్పుడు కళ్ళు తెరిచింది. ఆ కబురు మొదట చేరింది అతనికే.

నిదానం ఫోను తీసింది. తొందరలో ఒకసారి తప్పు నంబరు నొక్కింది. రెండోసారి ఆస్పత్రిలో కాపలా ఉన్న కానిస్టేబులమ్మ పలికింది.

"గదిలోకి ఎవర్నీ పంపకు. మనవాళ్ళనైనా సరే."

"సార్ ఇందాకే వచ్చారు మేడం. లోపలే ఉన్నారు. నర్సుని కూడా బయటికి పంపేశారు. మీరే పంపించారని చెప్పారు."

"అవును. నేనే పంపాను." నిదానం లేచి గుమ్మం వైపు నడిచింది. "లోపలికి వెళ్ళు. ఏదో ఒకటి చెప్పి వెళ్ళు. ఇప్పుడే!"

అవతల అడుగుల చప్పుడు. తలుపు నెట్టిన చప్పుడు. మళ్ళీ నెట్టిన చప్పుడు.

"మేడం," అంది కానిస్టేబులమ్మ, "లోపల గడియ పెట్టుకున్నారు."